ఎంగిలి ఎత్తేదెవరు?

"ఈమధ్య ఏ హోటల్‌కి పోయినా శుభ్రం లేదు. వెనకటి రోజుల్లో ఎంత బావుండేవి!" ఈ మాట నేను మా అమ్మమ్మ నోట విన్నాను, అమ్మ నోట విన్నాను, ఇప్పుడు నా వయసు స్నేహితురాళ్ళ నోటా వింటున్నాను. బల్లమీద జిడ్డు, గ్లాసు అంచున ఎవరిదో పెదవి మరక, బట్టల షాపు ట్రయల్ రూంలో వెంట్రుకల ఉండలు, సినిమా హాల్లో కాళ్ళకింద నలిగే పాప్‌కార్న్, పెట్రోలు బంకులో తాళం వేసిన మరుగుదొడ్డి. వాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు. 2024 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆహార భద్రతా విభాగం వాళ్ళు హైదరాబాద్ హోటళ్ళలో వరసగా తనిఖీలు చేస్తే పేరున్న చోట్ల కూడా వంటగదుల్లో బొద్దింకలు, గడువు తీరిన సరుకులు, మూతల్లేని చెత్తబుట్టలు బయటపడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు చివర్లో మోమోలు తిన్న ఒక స్త్రీ చనిపోయి, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యాక, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది.

కాబట్టి ఆ వాక్యంలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా రెండో సగంతోనే. వెనకటి రోజుల్లో హోటళ్ళు ఎవరికి శుభ్రంగా ఉండేవి? ఆ శుభ్రతను ఎవరి చేతులు తయారుచేశాయి? తెలుగు వచనంలో స్త్రీల పని ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఎక్కడ మాయమవుతుందో వెతుకుతూ కొన్నేళ్ళు గడిపినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టే చోటు మన సాహిత్యంలోకి వచ్చిన దారి పట్టుకుని వెళితే, శుభ్రత గురించి మనం చెప్పుకునే కథ తలకిందులవుతుంది.

పూటకూళ్ళమ్మ చీపురు

ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించిన 'క్రీడాభిరామం'లోనే పూటకూళ్ళ ఇల్లు ఉంది. ఒక రూకకు కమ్మటి భోజనం దొరికే ఇల్లు అది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు ఇలాంటి వర్ణనలనే ఆధారం చేసుకుని ఆనాటి తిండినీ అలవాట్లనీ మనముందు పెట్టారు. వంటకాల జాబితా మనకు మిగిలింది. వండినవాళ్ళ సంగతీ, విస్తళ్ళు ఎత్తి, నేల అలికినవాళ్ళ సంగతీ మిగల్లేదు. తిన్నవాడు రాశాడు కాబట్టి రుచి మిగిలింది.

ఆ పని చేసే మనిషి స్వయంగా రంగం మీదికి రావడానికి 'కన్యాశుల్కం' దాకా ఆగాల్సి వచ్చింది. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చయి, 1909లో పెద్దగా మార్పులతో మళ్ళీ వచ్చిన ఆ నాటకంలో విజయనగరం పూటకూళ్ళమ్మ ఉంది. ఆమె వితంతువు. ఆమెకు పేరు లేదు, వృత్తే పేరు. గిరీశం ఆమె ఇంట్లో తిని, సామాన్లు కొనుక్కొస్తానని ఆమె డబ్బు పట్టుకెళ్ళి మధురవాణి దగ్గర ఖర్చుపెట్టినవాడు. అతన్ని వెతుక్కుంటూ ఆమె మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు చేతిలో చీపురుంటుంది. ఆ సన్నివేశానికి తరతరాల ప్రేక్షకులు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ చీపురు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచిస్తే నవ్వు కాసేపు ఆగుతుంది. అది ఆమె పనిముట్టు. వంటా ఆమెదే, వడ్డనా ఆమెదే, ఊడ్చేదీ ఆమే. ఇంటి యజమానికీ ఊడ్చే మనిషికీ మధ్య దూరం లేని వ్యాపారం అది.

ఆనాటి బ్రాహ్మణ వితంతువుకి బతుకుతెరువుకు దారులు చాలా తక్కువ. పుట్టింట్లోనో అత్తింట్లోనో జీతం లేని వంటమనిషిగా ఉండటం ఒకటి. అదే వంటను నాలుగు డబ్బులకు అమ్ముకోవడం రెండోది. రెండో దారి పట్టిన స్త్రీని ఊరు ఎలా చూసిందో నాటకమే చెబుతుంది. ఆమె వండిన అన్నం మడి అన్నమే, శుచి అయినదే. ఆమె మాత్రం అనుమానానికి తగిన మనిషి. పరాయి మగవాళ్ళకు పీట వేసి కూర్చోబెట్టి అన్నం పెట్టే ఆడది 'శుభ్రమైన' స్త్రీ ఎలా అవుతుంది? వంటింటి శుభ్రతనూ స్త్రీ శీలాన్నీ ఒకే మాటతో కొలిచే అలవాటు మనకి అప్పటికే ఉంది. ఆమె పాత్రలు తోమి ఎంత తళతళలాడించినా, తన మీద పడ్డ మాటను తోమలేకపోయింది.

మడి, ఎంగిలి, రెండు గ్లాసులు

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పట్టణాల్లో కాఫీ హోటళ్ళు వచ్చాయి. కోర్టులు, కాలేజీలు, రైల్వే స్టేషన్లు, తాలూకా కచేరీలు పెరిగిన చోటల్లా అవి పెరిగాయి. పూటకూళ్ళమ్మ పక్కకి తప్పుకుంది. గల్లాపెట్టె దగ్గర మగవాడు కూర్చున్నాడు, వంటవాడూ మగవాడే, సర్వరూ మగవాడే. స్త్రీ ఇంట్లో జీతం లేకుండా చేసే పని బజారుకొచ్చి, డబ్బు తెచ్చే పెద్ద వ్యాపారం అయ్యేసరికి మగవాడి వృత్తయింది. ఇది హోటళ్ళకే పరిమితమైన కథ కాదనుకోండి.

మద్రాసు రాష్ట్రంలో ఈ హోటళ్ళలో చాలావాటికి బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట ఉండేది. మన పెద్దవాళ్ళు "ఎంత శుభ్రంగా ఉండేవో" అని తలుచుకునేవి ఎక్కువగా వీటినే. ఆ బోర్డు రెండు హామీలు ఇచ్చేది: వండినవాడి కులం ఇది, పక్కన కూర్చునేవాడి కులం ఫలానాది కాదు. రెండింటికీ సూక్ష్మక్రిములతో సంబంధం లేదు. తడిబట్ట కట్టుకుని వండే మడిలో స్నానం ఉంది, నీళ్ళున్నాయి, ఉతుకు ఉంది, నిజమే. కానీ మడి కట్టుకున్న మనిషిని ఉతికిన బట్ట కట్టుకున్న మాల స్త్రీ తాకినా మడి పోతుంది. అదే మడి, ఏళ్ళ తరబడి మసిబారిన వంటింటి గోడని తాకితే పోదు. మడి కొలిచేది మురికిని కాదు, మనిషిని.

మన భాషలో 'ఎంగిలి' అనే మాటకు సరిగ్గా సరిపోయే మాట చాలా భాషల్లో దొరకదు. తినగా మిగిలింది ఎంగిలి, నోరు తగిలింది ఎంగిలి. దాన్ని ముట్టుకున్న చెయ్యీ ఎంగిలే. హోటల్లో రోజుకి వందల విస్తళ్ళు లేస్తాయి. ఆ ఎంగిలాకులు ఎవరు ఎత్తాలి? వంటవాడు ఎత్తడు. సర్వరు ఎత్తడు. అందుకోసం ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి వంటగదిలోకి రాకూడదు, వెనక గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచి పోవాలి. 'శుభ్రమైన హోటల్'కి రెండు గుమ్మాలు ఉండటం అప్పటి నుంచీ ఉన్న ఏర్పాటే.

పల్లెలో ఈ ఏర్పాటు ఇంకో రూపంలో ఉండేది. టీ బడ్డీ దగ్గర రెండు గ్లాసులు. దళితుల గ్లాసు చూరులోనో గోడకి కొట్టిన మేకుకో ఉంటుంది. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. మిగతావాళ్ళ గ్లాసును బడ్డీవాడు కడుగుతాడు. కాస్త ఆలోచించండి: రెండింట్లో ఏ గ్లాసు శుభ్రంగా ఉంటుంది? తాగిన మనిషి స్వయంగా కడుక్కున్న గ్లాసా, పొద్దుట్నుంచి ఒకే బకెట్ నీళ్ళలో ముంచి తీసిన గ్లాసా? అయినా ఊరి లెక్కలో 'మైల' గ్లాసు మొదటిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో నివేదిక ఇచ్చేనాటికి కూడా ఈ గ్లాసులు పల్లెల్లోంచి పోలేదు.

ఇదేదో ఆచారం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అనుకోవడానికి లేదు. 1957 మే నెలలో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' మాట చెరపాలని పెరియార్ ఉద్యమం మొదలుపెట్టారు. నెలల తరబడి రోజూ కొందరు వెళ్ళి నిలబడేవారు, అరెస్టయ్యేవారు. వందలమంది జైలుకెళ్ళాక ఆ మాట చెరిగింది. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడేళ్ళయింది. దుకాణాల్లోకీ, హోటళ్ళలోకీ, వినోద స్థలాల్లోకీ పోవడానికి కులం అడ్డు కాకూడదని 15వ అధికరణం రెండో క్లాజు చెబుతూనే ఉంది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం అయితే హోటల్లో ఉండే పాత్రల్ని వాడుకోనివ్వకపోవడం కూడా నేరమని ప్రత్యేకంగా రాసింది. ఒక దేశపు చట్టం గ్లాసుల గురించీ పళ్ళేల గురించీ మాట్లాడాల్సి వచ్చిందంటే అవి ఎంత ఆయుధాలుగా పనిచేశాయో అర్థం చేసుకోవచ్చు. ఆ చట్టాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చినప్పుడు, అంటరానితనం పేరుతో ఎవరిచేతనైనా బలవంతంగా ఊడ్పించడం, పాకీపని చేయించడం కూడా నేరాల్లో చేర్చారు. ఇదంతా అయిన పదిహేనేళ్ళకి, 1991లో చుండూరు ఊచకోతకు ముందు రగిలిన గొడవ సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలైంది. టిక్కెట్టు ధర ఒకటే. కూర్చున్న నేలా ఒకటే. 'మురికి' మాత్రం ఒకరి కాలికే ఉందనుకున్నారు.

పరదా వెనక

హైదరాబాద్ సంగతి కొంత వేరు. ఇరానీ హోటళ్ళు కులం అడగలేదు. చలవరాతి బల్లమీద ఎవరు కూర్చున్నా అదే కప్పు, అదే సాసరు. ఈ నగరం మీద ప్రేమ ఉన్నవాళ్ళంతా చెప్పుకునే మాట ఇది, నేనూ చెబుతాను. అయితే ఆ బల్లల దగ్గర స్త్రీలు ఎక్కడున్నారు? ఒక మూలగా చెక్కతో కట్టిన కేబిన్లలో, పరదా వెనక. కోస్తా పట్టణాల్లో దాని పేరు 'ఫ్యామిలీ రూం'. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఫ్యామిలీ రూం కూడా దొరికేది కాదు, ఫ్యామిలీ లేదు కదా. హోటల్ అంటే మగవాళ్ళ చోటు. అక్కడి శుభ్రత కొలత కూడా మగవాళ్ళదే. బల్ల తుడిచారా, గ్లాసు కడిగారా, అంతవరకే. ఆడవాళ్ళు వాడుకోగలిగే మరుగుదొడ్డి ఉందా అనే ప్రశ్న ఆ కొలతలో లేదు. "వెనకటి హోటళ్ళు శుభ్రంగా ఉండేవి" అని మా అమ్మ అన్నప్పుడు నేను ఒకసారి అడిగాను, అప్పట్లో హోటల్లో బాత్రూంకి వెళ్ళావా అని. అమ్మ నవ్వింది. ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం అంది. ఒక తరం స్త్రీలు తమ దాహాన్ని అణుచుకుని హోటళ్ళని శుభ్రంగా ఉంచారన్నమాట.

మడి స్థానంలోకి ఇంకో రకం శుభ్రత రావడం కూడా చరిత్రలో ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 1924లో మొదలైన బెంగుళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్ యజమాని యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరప్ వెళ్ళి అక్కడి హోటళ్ళు చూసొచ్చి, కప్పులూ చెంచాలూ ఆవిరితో శుభ్రపరిచే పద్ధతి ప్రవేశపెట్టాడు. అక్కడ తినడానికి వచ్చినవాళ్ళు వంటగది చూసుకుంటూ వెళ్ళొచ్చు. నా దృష్టిలో ఇది పెద్ద మార్పు. వంటగది తలుపు తెరిచిపెట్టడమంటే, శుభ్రత అంటే వండినవాడి పుట్టుక కాదు, చేసిన పని అని ఒప్పుకోవడం. పని అయితే దాన్ని చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు, ప్రశ్నించొచ్చు.

'పాకీ' అనే మాట

పని అని ఒప్పుకున్నాక ఆ పని చేసేవాళ్ళకి గౌరవం దక్కాలి కదా. దక్కలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక్క మాట చాలు. 'పాక్' అంటే పారసీ, ఉర్దూల్లో పవిత్రం, పరిశుద్ధం. 'పాకీ' అంటే పరిశుభ్రత. ఆ మాట తెలుగులోకి వచ్చి పాయఖానా ఎత్తే మనిషికి పేరయింది, తరవాత తిట్టయింది. హైదరాబాద్‌లో ఆ పనివాళ్ళని పిలిచిన 'మెహతర్' అనే మాటకి పారసీలో 'పెద్దవాడు' అని అర్థం. పరిశుభ్రత అనే మాటని పనిచేసే మనిషికి అంటించి, ఆ మనిషితోపాటు మాటని కూడా వెలివేసిన సమాజం మనది. బెజవాడ అనే ఇంటిపేరున్న విల్సన్ సహచరులతో కలిసి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఈ వెలి మీదే యుద్ధం ప్రకటించింది. పాయఖానాలు చేత్తో ఎత్తించడాన్ని 1993 చట్టం నిషేధిస్తే, ఆ చట్టం కాగితాల మీదే ఉందని కోర్టుల్లో రుజువు చేయడానికీ, 2013లో ఇంకో చట్టం రావడానికీ ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఊడ్చే పనికి విలువ లేకపోవడానికి కులం ఒక కారణమైతే, అది ఇంట్లో ఉచితంగా దొరకడం రెండో కారణం. 2024 నాటి జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. ఇంట్లో ఊరికే జరిగిపోయే పనికి బజార్లో ధర పెట్టాల్సి వచ్చినప్పుడు యజమాని చేయి సహజంగానే వెనక్కి పోతుంది. "ఊడవడం కూడా ఒక పనేనా?" అనే మాట ముందు మన ఇళ్ళలో పుట్టింది.

దిగజారింది ఏది?

ఇప్పుడు మొదటి ఫిర్యాదు దగ్గరకొద్దాం. శుభ్రత నిజంగానే తగ్గింది అంటున్నాం. ఎక్కడ తగ్గింది?

1990ల చివరి నుంచి మన నగరాల్లో వీధులూడ్చే పని పర్మినెంటు ఉద్యోగుల చేతుల్లోంచి కాంట్రాక్టర్ల చేతుల్లోకి పోయింది. మునిసిపాలిటీ చేసిన పనే ఆసుపత్రులు, మాల్స్, థియేటర్లు, పెద్ద హోటళ్ళు చేశాయి. 'హౌస్‌కీపింగ్' అనే ఇంగ్లీషు మాట వచ్చింది. యూనిఫాం వచ్చింది. పోయింది ఏమిటంటే, ఈ చోటు నాది, ఇక్కడ పదేళ్ళుగా పనిచేస్తున్నాను అని చెప్పగలిగే మనిషి. ఏజెన్సీ మారితే మనిషి మారుతుంది. ముగ్గురి పని ఇద్దరి మీద పడుతుంది. ఫినాయిల్ డబ్బా నెలకి ఇన్ని అని లెక్క ఉంటుంది, అయిపోతే నీళ్ళు కలుపుతారు. బాత్రూం తుడిచిన మాప్ బల్లల కిందకీ వస్తుంది, ఎందుకంటే రెండో మాప్ ఇవ్వలేదు. మనకు కంపు కొట్టేది ఈ లెక్కే.

మా ఇంటి దగ్గర ఒక హోటల్లో గిన్నెలు కడిగే ఆమెతో నాకు పరిచయం ఉంది. హోటల్ పేరూ ఆమె పేరూ చెప్పను, ఆమె పని పోతుంది. పొద్దున ఆరింటికి వస్తే రాత్రి దాకా నీళ్ళలోనే కాళ్ళు. వేళ్ళ మధ్య ఒరుసుకుపోయి ఉంటాయి. ఒకరోజు, "గ్లాసులకి వాసన వస్తోందక్కా, సబ్బు పెట్టట్లేదా?" అని అడిగాను. "పెడ్తనే ఉన్నమ్మా. వాళ్ళు తెచ్చి కుప్ప బోస్తరు, నేనొక్కదాన్నే. గ్లాస్ గ్లాస్‌కు సబ్బు వెట్టి కడగాల్నంటే ఇంకొక మనిషిని పెట్టమని చెప్పు సేఠ్‌కు. నువ్వు చెప్తే ఇంటడు, నేను చెప్తే ఇంటికి పొమ్మంటడు" అంది. శుభ్రత గురించి నేను చదివిన చాలా పుస్తకాల కంటే ఆ జవాబులో ఎక్కువ అర్థశాస్త్రం ఉంది.

చట్టం ఆమెని ఎలా చూస్తుంది? 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనల్లో నాలుగో షెడ్యూలు అని ఒకటుంది. నేల ఎలా ఉండాలి, కాలువ ఎలా ఉండాలి, మూత ఎలా ఉండాలి అని వివరంగా చెబుతుంది. పనివాళ్ళకి ఏడాదికోసారి వైద్యపరీక్ష చేయించాలంటుంది. జబ్బున్న మనిషిని తిండి ముట్టుకోనివ్వకూడదంటుంది. అన్నీ అవసరమైనవే. కానీ జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజు కూలి ఎవరివ్వాలో ఆ షెడ్యూలు చెప్పదు. రోజుకూలి మీద బతికే స్త్రీ విరేచనాలు అవుతున్నాయని చెప్పి కూలి పోగొట్టుకుంటుందా, చెప్పకుండా మాత్ర మింగి గిన్నెల దగ్గర కూర్చుంటుందా? వినియోగదారుడి కడుపు భద్రత ఆమె సెలవు మీద ఆధారపడి ఉంది. ఆమె శరీరాన్ని మురికికి మూలంగా చూసి పరీక్షించడం తేలిక. ఆమెని జబ్బు చేసే మనిషిగా గుర్తించడానికి డబ్బు ఖర్చవుతుంది. అందుకే పరీక్ష పత్రం గోడకి ఎక్కింది, జీతంతో సెలవు ఎక్కలేదు.

అదే షెడ్యూలు పనిచేసే స్త్రీలకీ పురుషులకీ విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని కూడా చెబుతుంది. తనిఖీలో బొద్దింక దొరికితే పేపర్లో వస్తుంది. గిన్నెలు కడిగే ఆమెకి రోజంతా మరుగుదొడ్డి లేకపోతే రాదు.

ఈ విషయంలో దుకాణాలు హోటళ్ళకంటే అన్యాయం. అద్దంలా మెరిసే నాలుగంతస్తుల బట్టల దుకాణం ఒకదానిలో నాకెదురైన అనుభవం ఇది. బాత్రూం ఎక్కడని అడిగితే చీరలు చూపిస్తున్న అమ్మాయి కంగారుగా సూపర్‌వైజర్ వైపు చూసింది. కస్టమర్లకి లేదు మేడం, స్టాఫ్‌కి కిందెక్కడో ఉంది, తాళం సార్ దగ్గరుంటుంది అంది. రోజుకి పది గంటలు నిలబడి, నవ్వుతూ చీరలు మడతపెట్టే ఆ అమ్మాయి ఆ తాళంచెవిని ఒక మగవాణ్ణి అడిగి తీసుకోవాలి. ఆ దుకాణం నేలమీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం!

కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఈ తాళాన్నే పట్టుకుని పోరాటం మొదలుపెట్టారు. విజి నాయకత్వంలో 2009లో ఏర్పడిన 'పెణ్‌కూట్టు' మొదటి కోరికల్లో ఒకటి మరుగుదొడ్డి. తరవాతది కూర్చునే హక్కు. ఏళ్ళ పోరాటం తరవాత 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టం సవరించి కూర్చునే వసతి కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. దుకాణం నేల ఎంత మెరిసినా, అందులో నిలబడ్డ స్త్రీ మూత్రాన్ని ఆపుకుని జబ్బుపడుతుంటే అది శుభ్రమైన దుకాణం కాదని వాళ్ళు మొత్తం దేశానికి చెప్పారు. శుభ్రత అనే మాటకి కొత్త నిర్వచనం ఇచ్చింది ఏ శానిటరీ ఇన్‌స్పెక్టరూ కాదు, సేల్స్‌గర్ల్స్.

ఇంకో మార్పు గత పదేళ్ళలో వచ్చింది. ఇప్పుడు మనం తినే చాలా తిండి ఎక్కడ వండారో మనకి తెలీదు. ఫోన్లో బొమ్మ చూసి ఆర్డర్ ఇస్తాం, సీలు వేసిన డబ్బా గుమ్మం దగ్గరికి వస్తుంది. పూటకూళ్ళమ్మ వంటిల్లు కూర్చున్న పీట మీంచి కనిపించేది. ఇప్పటి 'క్లౌడ్ కిచెన్'కి అసలు గుమ్మమే లేదు. డబ్బా తెచ్చే కుర్రాళ్ళనీ, ఈమధ్య కనిపిస్తున్న అమ్మాయిల్నీ చాలా హోటళ్ళు తమ మరుగుదొడ్డి వాడుకోనివ్వవు. వాళ్ళు నిలబడేది వెనక గుమ్మం దగ్గర. ఎంగిలాకులు ఎత్తే మనిషి నిలబడ్డ చోటే.

ఆ వెనక గుమ్మం కింద ఇంకా లోతుగా ఒకటుంది. 2019 జూన్‌లో గుజరాత్‌లోని దభోయి దగ్గర ఒక హోటల్ సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు. నలుగురు సఫాయి పనివాళ్ళు, వాళ్ళని కాపాడబోయిన ముగ్గురు హోటల్ ఉద్యోగులు. పైన భోజనాల గది ఉంది, కింద ఆ గొయ్యి ఉంది. ఇలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలివ్వాలని 2014లో, ముప్పై లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది భార్యలు. చనిపోయినవాళ్ళ పేర్లు రెండు రోజులు పేపర్లో ఉంటాయి. తిరిగేవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

ఏం అడగాలి?

ఇంత రాశాక, అయితే మురికి హోటళ్ళని భరించమంటారా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. కల్తీ నూనె, నిలవ మాంసం, బొద్దింకలు ముందు చంపేది పేదవాళ్ళనే, వాళ్ళకి ఇంకో హోటల్ లేదు. తనిఖీలు ఇంకా గట్టిగా జరగాలి. నేనడిగేది కొలత మార్చమని. శుభ్రత పేరుతో ముందు తోపుడు బండి మీద ఇడ్లీలమ్మే స్త్రీని తరిమేసే తనిఖీ నాకొద్దు, ఆమెకి కుళాయి ఇవ్వని మునిసిపాలిటీని అడిగే తనిఖీ కావాలి. "వెనకటి రోజులు" తిరిగి రావాలనే కోరికా వద్దు. ఆ రోజుల్లో మనలో చాలామందికి ఆ హోటళ్ళలోకి ప్రవేశమే లేదు, ప్రవేశం ఉన్నవాళ్ళం పరదా వెనక కూర్చున్నాం.

హోటల్లో గ్లాసు వాసన వస్తే గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి గట్టిగా అడుగుదాం. సాధారణంగా ఏం జరుగుతుందంటే, యజమాని లోపలికి కేకేసి మనముందే ఆ కడిగే మనిషిని తిడతాడు. మనం తృప్తిపడి కూర్చుంటాం. అక్కడ ఆగకుండా ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి. గిన్నెల దగ్గర ఎంతమంది ఉన్నారు? జ్వరమొస్తే వాళ్ళకి జీతంతో సెలవు ఉందా? ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుంది? వినియోగదారుల సంఘాలు తనిఖీ అధికారులకి ఇచ్చే అర్జీల్లో, స్త్రీల సంఘాలు మునిసిపల్ కమిషనర్లకి ఇచ్చే వినతిపత్రాల్లో బొద్దింకలతోపాటు ఈ మూడూ రాయాలి. మొన్న మా వీధి హోటల్ యజమానిని మొదటి ప్రశ్న అడిగాను. "మీకెందుకమ్మా ఆ సంగతి?" అన్నాడు. ఇంకో నలుగురు అడిగితే ఆ మాట అనడం అతనికి అంత తేలిక కాదు.